పిండినల్లికి రెక్కలెక్కడివి

కృపారాణి పెద్దవాళ్ళకు మొదటిసారి ఎదురు చెప్పింది మూడో తరగతిలో. అదీ చీమల గురించి.

"పక్షులకు రెక్కలుంటాయి, చీమలకు ఉండవు" అని సారు చెప్తే, రేగడికొట్టాల బడిలో పిల్లలంతా ఒక్క గొంతుతో అప్పజెప్పినారు. కృపారాణి ఒక్కతే లేచి నిలబడింది.

"ఉంటాయి సార్. తొలకరి వానకు మా దడి కాడ చీమల పుట్టలోంచి రెక్కలున్నవి వస్తాయి. నేను చూసినా."

"అవి ఉసిళ్ళు. కూచో."

"ఉసిళ్ళు వేరే సార్. అవి చెదల్లోంచి వచ్చేటివి. వాటికి నడుము లావు. చీమకు సన్నం."

ఆ పూటంతా ఆ పిల్లను బడి బయట ఎండలో నిలబెట్టినారు. కాళ్ళు కాలుతుంటే ఒక కాలి మీద ఒక కాలు వేసుకుని నిలబడింది గానీ, తప్పయింది సార్ అని మాత్రం అనలేదు. వారం తర్వాత వాన పడింది. తడి ఆరకముందే పుట్ట కాడికి పోయి, రెక్కల చీమలను నాలుగింటిని అగ్గిపెట్టెలో పెట్టుకుని బడికి తెచ్చి, సారు బల్ల మీద పెట్టింది. సారు పెట్టె తెరిచి చూసి, మూసి, "సరే, పో" అన్నాడు. పాఠం మాత్రం మార్చలేదు. కృపారాణికి కోపం వచ్చింది అందుకే.

ఏడో తరగతితో చదువు ఆగిపోయింది. తల్లి వెంట కూలికి పోయింది. శనగ పీకింది, పత్తి తీసింది, చీనీ తోటల్లో బత్తాయి చెట్లకు పాదులు చేసింది. వంగి పని చేసే మనిషికి ఆకు అడుగు భాగం బాగా కనపడుతుంది. నిలబడి చూసే ఆసామికి పైభాగమే కనపడుతుంది. ఆకుల అడుగున ఏయే పురుగు ఎట్ల నడుస్తుందో, ఏది దూకుతుందో, ఏది ముట్టుకుంటే ముడుచుకుంటుందో ఆమెకు అట్ల తెలిసింది. పందొమ్మిదో ఏట ఏసన్నను చేసుకుంది. ఏసన్న కమలాపురం స్టేషన్ కాడ ఆటో తోలుతాడు. మెత్తని మనిషి. ఎవరితోనూ మాట పడడు, ఎవరినీ మాట అనడు. పెండ్లాం నోటికి భయపడతాడని ఊర్లో నవ్వుకుంటారు గానీ, అతను భయపడేది ఆ నోటి వల్ల ఆమెకు ఏమవుతుందో అని.

తొమ్మిదేళ్ళ కిందట ఊర్లో పొలంబడి పెట్టినారు. పురుగుల చదువు చదివిన శ్రావణి అనే అమ్మాయి ప్రతి బుధవారం వచ్చి రైతులకు చెప్పేది. రైతులంటే పాసుపుస్తకంలో పేరున్న మొగవాళ్ళు. కృపారాణిని పిలిపించింది నీళ్ళు మోసేదానికి. ఆమె బిందె దించి, పోకుండా చివర్లో గట్టు మీద కూచుంది.

"పురుగు కనపడితే మొదట ఏం చూస్తారు?" అని శ్రావణి అడిగింది.

"ఏం మందు కొట్టల్లో చూస్తాం" అన్నాడొక ఆయన. అందరూ నవ్వినారు.

వెనకనుంచి కృపారాణి అంది: "దానికి రెక్కలుండాయా లేదా, అది చూస్తా నేను."

"ఎందుకమ్మా?"

"రెక్కలుంటే దాని అంతట అది వచ్చినట్ల. లేకుంటే ఎవురో తెచ్చినట్ల."

శ్రావణి చేతిలో కాగితం పక్కన పెట్టి, "నీ పేరేంటక్కా?" అని అడిగింది. మరుసటి బుధవారం నుంచి బిందె మోసే పని ఇంకొకరికి పోయింది.

పదహారు బుధవారాలు ఆమె ఆ గట్టు మీద కూచుని నేర్చుకున్నది ఇంత అని చెప్పలేం. తూనీగకు నాలుగు రెక్కలు, ఈగకు రెండే. ఈగకు వెనక రెక్కలు ఉండాల్సిన చోట చిన్న గుండు పిన్నుల్లాంటివి రెండు ఉంటాయి, అవి లేకుంటే ఈగ నేరుగా ఎగరలేదు. అక్షింతల పురుగు వీపు మీద కనపడేది రెక్క కాదు, రెక్కకు మూత. అసలు రెక్కలు దాని కింద మడిచి ఉంటాయి. మిరపలో తామరపురుగు రెక్కలకు ఈకల మాదిరి అంచులు. పేనుబంక కొమ్మ మీద తిండి ఉన్నంతకాలం రెక్కల్లేని పిల్లల్నే కంటుంది. చోటు ఇరుకైతే, తిండి తగ్గితే, అప్పుడు రెక్కలున్న పిల్లల్ని కంటుంది. ఇది విన్న దినం కృపారాణి ఇంటికి పోయి ఏసన్నకు చెప్పి ఎంతసేపు నవ్విందో. తలలో పేనుకు, మంచంలో నల్లికి పూర్వం రెక్కలు ఉండి, తర్వాత పోయినాయి. పాత పుస్తకాల్లో తిరిగే వెండిరంగు పురుగుకు ఎప్పుడూ లేవు. గొడ్లను పట్టే గోమారి అసలు పురుగుల జాతే కాదు, దానికి ఎనిమిది కాళ్ళు.

పొలంబడి అయిపోయిన దినం శ్రావణి తన భూతద్దాన్ని ఆమె చేతిలో పెట్టి పోయింది. మడిస్తే రూపాయి బిళ్ళంత, తెరిస్తే పురుగు కాలి మీద వెంట్రుక కనపడేంత. అప్పటినుంచి ఊర్లో ఆమెకు పురుగుల కృప అని పేరు పడింది. ఎగతాళికి పెట్టిన పేరే. ఆమె పలికింది. పలికేసరికి ఎగతాళి చేసేవాళ్ళకు పస లేకపోయింది.

నాలుగేళ్ళ కిందట రామలక్ష్మమ్మ దగ్గర ఎకరంన్నర కౌలుకు తీసుకుంది. భర్త పోయినాక రామలక్ష్మమ్మకు సేద్యం మీద మనసు పోయింది. భూమి బీడు పడకుండా ఉంటే చాలనుకుని ఇచ్చింది. కృపారాణి అందులో మూడు వందల బొప్పాయి చెట్లు పెట్టి, సందుల్లో వంగ, అలసంద వేసింది. పురుగుమందు కొట్టలేదు. చీమలు ఎక్కకుండా చెట్ల మొదళ్ళకు గ్రీజు పూసిన గుడ్డ చుట్టింది. చీమలే కదా చెట్ల రసం పీల్చే పిండినల్లిని గొర్రెల్ని మేపినట్టు మేపేది. ఆ నల్లి విడిచే తీపి నీళ్ళ కోసం దాన్ని కొమ్మ నుంచి కొమ్మకు నోట కరుచుకుని పోతాయి. పోయిన ఏడు శ్రావణి ఒక చిన్న డబ్బాలో నల్లవీపు, నారింజ తల ఉన్న అక్షింతల పురుగుల్ని పంపిస్తే, అవి తెచ్చి తోటలో వదిలింది. అవి పిండినల్లిని తిని బతికేవి.

ఆమె చేనికి పడమట భూపేష్ రెడ్డి తోట. పన్నెండెకరాలు, అంతా బొప్పాయే. కమలాపురంలో అతనికి పురుగుమందుల అంగడి కూడా ఉంది. ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి, చదువుకున్నాడు, పని తెలిసినవాడే. మందు మీద ఉన్న నమ్మకం ఒక్కటే అతని చేటు. ఈ ఏడు ఎండాకాలంలో అతని తోటకు పిండినల్లి పట్టింది. కాయల మీద రవ్వ చల్లినట్టు తెల్లగా పేరుకుంది. ఆకులు మసి పట్టినాయి. వారానికొక మందు మార్చి మార్చి కొట్టించినాడు. ఆ నల్లి ఒంటి మీది మైనానికి మందు జారిపోయింది. దాన్ని తినే పురుగులు మాత్రం చచ్చినాయి. జూన్ ఆఖరుకు ఢిల్లీ లారీ వచ్చి, కాయలు చూసి ఖాళీగా తిరిగిపోయింది.

ఆ మర్నాడే అతను కృపారాణి చేని గట్టు మీదికి వచ్చినాడు.

"ఏమ్మే కృపా, నీ తోట పురుగంతా ఎగిరొచ్చి నా తోటలో పడతాంది. నువ్వు మందు కొట్టవు. నీ మూలాన నేను మునిగిపోతాండా. రేపు మా స్ప్రేయరు పంపిస్తా, కొట్టించుకో."

కృపారాణి వంగ మొక్క కాడ నుంచి లేచి నడుము మీద చెయ్యి పెట్టుకుంది. "ఏం పురుగు ఎగిరొస్తాంది భూపేషప్పా?"

"పిండినల్లి."

"పిండినల్లికి రెక్కలెక్కడివప్పా?"

పక్కన నిలబడిన కూలోళ్ళు ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వే అతనికి తగిలింది. మొగం ఎర్రగా చేసుకుని వెళ్ళిపోయినాడు. వెళ్ళి నేరుగా రామలక్ష్మమ్మ ఇంట్లో కూచున్నాడు. కౌలు మాన్పించు, లేదా మందు కొట్టించు, లేదంటే పంచాయతీ పెడతానన్నాడు.

మధ్యాన్నం రామలక్ష్మమ్మ మనిషి చేత పిలిపించింది. "ఎందుకే నీకు వాళ్ళతో? ఒగ సారి కొట్టించుకుంటే పోతాది కదా."

"ఒగ సారి కొట్టిస్తే నా అక్షింతల పురుగులన్నీ చస్తాయమ్మా. అవి చస్తే ఆయప్ప తోటకు పట్టిందే నా తోటకూ పడుతుంది. అప్పుడు వారం వారం కొట్టల్ల. అది ఆయప్ప అంగట్లోనే కొనల్ల."

కృపారాణి అక్కడి నుంచి లేచి వచ్చింది. ఇంటికి వస్తే ఏసన్న ఆటో తుడుస్తున్నాడు. "మే, వాళ్ళతో మనకెందుకు? వాళ్ళు పెద్దోళ్ళు" అన్నాడు.

"పెద్దోళ్ళయితే నల్లికి రెక్కలొస్తాయా?"

"అది కాదు నేను చెప్పేది."

"నువ్వు చెప్పేది నాకు తెలుసు. భయపడతాండావు. నేనూ భయపడతాండా. అయినా నా చెట్ల మీద మందు పడనీను."

శనివారం పొద్దున పంచాయతీ ఆఫీసు ముందర మంది చేరినారు. పెద్దమనిషిగా గురప్పను కూచోబెట్టినారు. గురప్ప రెండుసార్లు సర్పంచుగా చేసి, ఇప్పుడు ఏ పార్టీతోనూ లేకుండా మనవళ్ళను ఆడించుకునే మనిషి. ఎవరి పక్షం మాట్లాడినా రెండో వైపు వాళ్ళు తిట్టలేని వయసు.

భూపేష్ చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి ఉంది. దాంట్లోంచి బొప్పాయి ఆకు తీసి గురప్ప ముందర పరిచినాడు. ఆకు మీద తెల్లగా, దూది ముక్కల్లాగా ఏడెనిమిది పురుగులు.

"పొద్దున ఈమె తోటలో కోసుకొచ్చినా. నా మనుషులు సాక్షి. చూడు మామా, ఒగొకటి ఎంత లావుండాదో. నా తోటలో కూడా ఇంత లావు లేవు. ఈడ పెరిగి అక్కడికి పోతాండాయి."

మంది అంతా ముందుకు వంగినారు. అందరికీ తెల్లగా కనపడింది. పిండినల్లే అనుకున్నారు. రామలక్ష్మమ్మ మొగం వాడిపోయింది. ఏసన్న తల వంచుకున్నాడు.

కృపారాణి కొంగులోంచి భూతద్దం తీసి వంగి చూసింది. తర్వాత లేచి, భూపేష్ కళ్ళలోకి చూసి అంది.

"ఇది పిండినల్లి కాదప్పా. పిండినల్లిని తినే పురుగు. అక్షింతల పురుగు పిల్ల. తినేదాని మాదిరే ఒంటి మీద తెల్ల మైనం కప్పుకుని తిరుగుతాది, చీమలు పట్టకుండా. చూడు, ఎంత బిరబిర నడుస్తాందో. నల్లి ఇట్ల నడవగలదా?"

"దొంగ మాటలు" అన్నాడు భూపేష్. "తెల్లగా ఉండాది, ఆకు మీద ఉండాది, పిండినల్లి కాదంట. మామా, ఈమె రోజుకొక పేరు చెప్తాది."

"అయితే గురప్ప మామ దగ్గర పెడదాం. ఈ పురుగుల్ని ఒగ సీసాలో, నీ తోటలోని నల్లిని ఒగ సీసాలో. పన్నెండు దినాలు ఆగుదాం. నా సీసాలోవి పిల్ల పురుగులు. వాటికి రెక్కలొచ్చి, నల్లవీపు, నారింజ తలతో అక్షింతల పురుగు అయితే నా మాట నిజం. కాకుంటే..." ఆమె ఊపిరి తీసుకుంది. "కాకుంటే నా మూడు వందల చెట్లు నేనే నరుకుతా. ఎవురూ చెప్పక్కర్లే."

ఏసన్న తల ఎత్తినాడు. మంది గుసగుసలాడినారు.

"మరి భూపేష్ సీసాలో?" అని గురప్ప ఆమెను అడిగినాడు. "అందులో ఏమొస్తాది?"

"గుడ్లు పెట్టే ఆడ నల్లికి రెక్కలు రావు. చచ్చేదాకా రావు." కృపారాణి కొంచెం ఆగింది. "మగదానికి మాత్రం వస్తాయి."

ఏసన్న ఆమె చెయ్యి పట్టుకుని లాగినాడు. ఊరుకో అన్నట్టు. భూపేష్ పకపకా నవ్వినాడు. "విన్నారా! రెక్కల్లేవంది, మళ్ళీ ఉండాయంటాంది!"

"ఉన్న మాట చెప్పక ఎట్ల?" అని గొంతు పెంచింది. "మగది సూది మొనంత ఉంటాది. ఒగ జత రెక్కలు. దానికి తినేదానికి నోరు కూడా లేదు. రెండు మూడు దినాలు బతికి చస్తాది. గుడ్డు పెట్టేది అది కాదు, నీ కాయను పీల్చేది అది కాదు. మగవి వెయ్యి ఎగిరొచ్చినా నీ తోటలో ఒగ నల్లి కూడా పుట్టదు. ఇంగోటి కూడా చెప్తా. అప్పుడే పుట్టిన పిల్ల నల్లిని గాలి కొట్టుకుని పోతాది. ఆషాఢంలో గాలి యాడనుంచి వస్తాందో ఎవురైనా చెప్పండి."

ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. పంచాయతీ ఆఫీసు మీది జెండా గుడ్డ తూర్పుకు తిరిగి పటపటమంటోంది. భూపేష్ తోట పడమట, కృపారాణి చేను తూర్పున.

గురప్ప గడ్డం గోక్కున్నాడు. "పన్నెండు దినాలు. అంతవరకూ ఎవురూ ఎవురి తోట మీదికి పోకూడదు."

సీసాలు గురప్ప ఇంటి వసారాలో గూట్లో చేరినాయి. రెండింటికీ మూతికి పల్చని గుడ్డ కట్టినారు. మొదటి సీసాలో పురుగులకు తిండి కావాలి కదా. అందుకు గురప్పే దినమూ భూపేష్ తోటకు పోయి, నల్లి పట్టిన ఆకు ముక్క తెచ్చి వేసేవాడు. తినేటప్పుడు చూద్దామని మొదట ఊరికే కూచున్నాడు. రెండో దినం మనవరాలి చేత కృపారాణి భూతద్దం అడిగి తెప్పించుకున్నాడు. మూడో దినం తిరిగి ఇవ్వలేదు. ఆ తెల్ల పురుగు నల్లి పక్కకు చేరి, దాని మైనాన్ని పక్కకు తోసి, గింజను కొరికినట్టు కొరికి తినడం చూసి, పెండ్లాన్ని పిలిచి చూపించినాడు. ఊర్లో అందరికంటే ముందు నమ్మినవాడు గురప్పే. కానీ ఆ మాట పన్నెండో దినందాకా నోరు తెరిచి ఎవరితోనూ అనలేదు.

ఐదో దినం పురుగులు కదలడం మానేసినాయి. ఆకు అంచున ఒగ చోట అతుక్కుని, ముడుచుకుని ఉండిపోయినాయి. ఆ వార్త భూపేష్ చెవిన పడింది. చచ్చినాయి అనుకున్నాడు. ఇంక ఆగేదేముంది అనుకున్నాడు. మర్నాడు ఎండ ఎక్కే వేళకు అతని ట్రాక్టరు, వెనక పెద్ద మందు ట్యాంకు, కృపారాణి చేని గట్టు కాడికి వచ్చి ఆగినాయి. తోలుకొచ్చింది ఓబులేష్. ఊరివాడే, కృపారాణితో పాటు పత్తి ఏరిన మనిషి.

కృపారాణి చేతిలోని పార పక్కన పెట్టి, గట్టుకు అడ్డంగా నిలబడింది.

"పక్కకు జరుగక్కా. రెడ్డి కొట్టి రమ్మన్నాడు."

"కొట్టు."

"జరిగితే కొడతా."

"నా మీద నుంచే కొట్టు. డబ్బా మీద ఎర్రరంగు, పుర్రె బొమ్మ చూసినావు గదా? మొన్న దీన్ని కొట్టేటప్పుడు నువ్వు మూతికి గుడ్డ కట్టుకున్నావు గదా? నాకు గుడ్డ లేదు. కానీ జరగను."

ఓబులేష్ పైపు పట్టుకుని నిలబడినాడు. ట్రాక్టరు మోటారు డుబడుబ మంటోంది. ఆటో అప్పుడే ఇంటికి తెచ్చిన ఏసన్నకు ఎవరో చెప్పినట్టున్నారు, పరిగెత్తుకుంటూ వచ్చినాడు. చొక్కా విప్పి గట్టు మీద పడేసి, పెండ్లాం పక్కన నిలబడినాడు. అతను అట్ల నిలబడడం ఊరు ఎప్పుడూ చూడలేదు. కృపారాణి కూడా చూడలేదు. ఒకసారి అతని వైపు తిరిగి చూసి, మళ్ళీ ఓబులేష్ వైపు తిరిగింది.

ఓబులేష్ పైపు చుట్టి ట్రాక్టరు ఎక్కినాడు. "ట్యాంకు కారుతాండాదని చెప్తాలే రెడ్డికి" అని గొణిగి, ట్రాక్టరు తిప్పుకుని పోయినాడు.

పన్నెండో దినం ఉదయం పంచాయతీ ఆఫీసు ముందర మొదటి దినం కంటే మంది ఎక్కువ. పొద్దుటూరులో నర్సింగ్ చదివే కృపారాణి కూతురు కూడా వచ్చింది. కమలాపురంలో మీటింగుకు వచ్చిన శ్రావణి కబురందుకుని దారిలో దిగింది. కానీ గురప్ప ఆమెతో ముందే అన్నాడు: "నువ్వు మాట్లాడొద్దమ్మా. చూస్తూ కూచో. చెప్పేది ఈ సీసాలే."

మొదటి సీసా గుడ్డ విప్పినాడు. లోపల ఏడు పురుగులుండాలి. ఒకటి ముడుచుకున్నది ముడుచుకున్నట్టే ఎండిపోయింది. ఇంకొకటి పగిలిన పొట్టులోంచి సగమే బయటికి వచ్చి ఆగిపోయింది. మిగతా ఐదూ సీసా గోడ మీద తిరుగుతున్నాయి. నిగనిగలాడే నల్లవీపు, నారింజ తల, నువ్వుగింజ కంటే కొంచెం పెద్దవి. మంది తోసుకుని చూస్తుంటే ఒకటి సీసా అంచుకు ఎక్కింది. వీపు మీది మూత రెండుగా తెరుచుకుంది. లోపల మడిచిపెట్టిన పల్చని రెక్కలు బయటికి వచ్చినాయి. ఒక్క క్షణం అట్లే ఉండి, ఎగిరి గురప్ప తలపాగా మీద వాలింది.

ఎవరో చప్పట్లు కొట్టినారు. గురప్ప తలపాగా కదలకుండా నిలబడినాడు.

"రెండోది" అన్నాడు భూపేష్. అతని గొంతు తగ్గలేదు.

రెండో సీసాలో నల్లి నిండా పెరిగింది. ఆడవి లావెక్కి, తోక వెనక దూది మాదిరి గుడ్ల సంచులు పెట్టుకుని, కదలకుండా ఉన్నాయి. సీసా అడుగున, గాజు మీద, సన్నని దోమపిల్లల్లాంటివి రెండు మూడు తారాడుతున్నాయి. గురప్ప భూతద్దం పెట్టి చూసి, పక్కన ఉన్నవాళ్ళకు కూడా చూపించినాడు. ఒక జత రెక్కలు. భూపేష్ ముందుకు వచ్చి వంగి చూసినాడు.

"రెక్కలుండాయి" అన్నాడు.

"ఉండాయి" అంది కృపారాణి. "అదే చెప్పినా ఆ దినం. నువ్వు నవ్వినావు. ఇప్పుడు ఆ ఆడవాటిని ఊదు. ఊదు భూపేషప్పా. ఒగటన్నా ఎగురుతాదేమో చూద్దాం."

అతను ఊదలేదు. గురప్ప ఊదినాడు. ఏదీ కదలలేదు.

"మీ తోటలోకి అది ఎట్ల వచ్చిందో నాకు తెలీదు" అంది కృపారాణి, ఈసారి గొంతు కొంచెం తగ్గించి. "నారు తెచ్చినప్పుడు వచ్చిండొచ్చు. ఒగ తోటలో కోసి ఇంగో తోటకు తెచ్చిన పెట్టెల్లో వచ్చిండొచ్చు. కూలోళ్ళ బట్టలకు అంటుకుని వచ్చిండొచ్చు. దానికి రెక్కల్లేవు. ఎవురో మోసుకొచ్చినారు. నా తోట నుంచి మాత్రం ఎగిరి రాలేదు."

భూపేష్ మందిని ఒకసారి చూసినాడు. "సీసాల్లో ఎవురు ఏం వేసినారో ఎవురికి తెలుసు" అని మాత్రం గొణిగి, బండి ఎక్కి వెళ్ళిపోయినాడు. క్షమాపణ చెప్పలేదు. తర్వాత కూడా చెప్పలేదు. పన్నెండెకరాల్లో ఏడెకరాలు ఆగస్టులో పీకించినాడు. మిగతా ఐదెకరాల్లో మాత్రం మందు కొట్టడం ఆపినాడని, చీమలకు గ్రీజు గుడ్డలు చుట్టించినాడని ఓబులేష్ వచ్చి చెప్పినాడు. "నీ పేరు ఎత్తలేదు. తనకే తోచినట్టు చెప్పినాడు" అని నవ్వినాడు.

"ఎత్తకపోతే మానె. గుడ్డలు సరిగ్గా చుట్టినాడా?" అని కృపారాణి అడిగింది.

ఆ దినం పంచాయతీ ఆఫీసు మెట్ల మీదే రామలక్ష్మమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "నిన్ను కాదని నేనొక మాట అన్నా ఆ దినం. మనసులో పెట్టుకోవద్దు. ఏం కావల్ల నీకు, చెప్పు."

ఊరికి తెలిసినట్టు, కౌలుదారుకు బ్యాంకు అప్పు, పంట బీమా ఇప్పించే గుర్తింపు కార్డు ఉండాలంటే భూమి యజమాని సంతకం పెట్టాలి. పెడితే భూమి పోతుందేమో అని ఎవరూ పెట్టరు. కృపారాణి నాలుగేళ్ళుగా ఆ మాట అడగాలనుకుని, నోట్లోనే మింగేసింది. సారుకు, రెడ్డికి ఎదురు చెప్పిన మనిషికి ఇదొక్కటి మాత్రం నోరు రాలేదు. ఎందుకంటే ఇది దెబ్బలాడి తీసుకునేది కాదు, అడిగి తీసుకునేది.

"కౌలు కార్డు మీద సంతకం పెట్టమ్మా" అంది.

రామలక్ష్మమ్మ ఒక్క నిమిషం ఆగింది. ఆ నిమిషంలో ఏమనుకుందో ఆమెకే తెలుసు. తర్వాత, "పద" అంది.

సోమవారం ఇద్దరూ గ్రామ సచివాలయానికి పోయినారు. కంప్యూటరు ముందు కూచున్న మనిషి ఫారం నింపుతూ, "పేరు కృపమ్మ. పని కూలి" అని చదువుతూ టైపు కొట్టుకుంటూ పోతున్నాడు. కొత్తగా వచ్చినవాడు, ఊరి సంగతులు తెలియవు.

"కృపమ్మ కాదు సార్, కృపారాణి. కూలి కాదు, రైతు."

"ఏదైతే ఏమ్లేమ్మా, కార్డు వస్తాది కదా."

"రాదు సార్" అంది కృపారాణి, కుర్చీ లాక్కుని అతని ఎదురుగా కూచుంటూ. "కొట్టేసి మళ్ళీ రాయండి. నేను చూస్తా ఉంటా."